మారిషస్ ఊరి కౌన్సిళ్లు: మంత్రి చేతిలో ఉన్న తేదీ, మంత్రి చేతిలో ఉన్న డబ్బు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మారిషస్ లాంటి చిన్న దేశానికి పంచాయతీలు, మున్సిపాలిటీలు అసలు అవసరమా అన్నది మొదటిది. అక్కడ ఎన్నికల సంస్కరణ కోసం కమిషన్ల మీద కమిషన్లు వేస్తున్నా పని ఎందుకు కదలట్లేదన్నది రెండోది. ఎం.ఏ. ప్రాజెక్టు కోసం అన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేను పంచాయతీరాజ్ శాఖలో 32 ఏళ్లు పని చేశాను. గ్రామ కార్యదర్శిగా చేరి, ఎంపీడీవోగా 2019లో రిటైరయ్యాను. 2020 ఫిబ్రవరిలో మా అమ్మాయిని చూసి రావడానికి మారిషస్ వెళ్లాను. మూడు నెలలు ఉండి వచ్చేద్దామనుకున్నాను. మార్చిలో విమానాలు ఆగిపోయాయి, దాదాపు ఏడాది అక్కడే ఉండిపోయాను. ఖాళీగా కూర్చోలేని మనిషిని. వాళ్ల స్థానిక సంస్థల చట్టం తెచ్చుకుని చదివాను, ఊరి కౌన్సిల్ ఆఫీసుకి వెళ్లి కూర్చున్నాను, ఆ నవంబర్‌లో వాళ్ల ఊరి ఎన్నికలు దగ్గరుండి చూశాను. తిరిగొచ్చాక కూడా అక్కడి వార్తలు చదవడం మానలేదు.

ముందు ఆ దేశం ఎంతో మనకు తెలిసిన కొలతలో చెబుతాను. రోడ్రిగ్స్ లాంటి చిన్న దీవులతో కలిపి దేశం మొత్తం 2,040 చదరపు కిలోమీటర్లు, అంటే సుమారు మన కోనసీమ జిల్లా అంత. జనాభా పన్నెండున్నర లక్షలు, కోనసీమ కంటే తక్కువే. అందులో అయిదు మున్సిపాలిటీలు ఉన్నాయి: పోర్ట్ లూయిస్, బో బస్సాన్-రోజ్ హిల్, క్వాత్ర్ బోర్న్, వాక్వా-ఫీనిక్స్, క్యూర్‌పిప్. మిగతా ప్రాంతమంతా ఏడు జిల్లా కౌన్సిళ్ల కింద ఉంటుంది. వాటి కింద 130 దాకా ఊరి కౌన్సిళ్లు. ఊరి కౌన్సిల్‌కి తొమ్మిది మందిని జనం నేరుగా ఎన్నుకుంటారు. ప్రతి ఊరి కౌన్సిల్ తన తరఫున ఒకరిని జిల్లా కౌన్సిల్‌కి పంపుతుంది. మన మండల పరిషత్‌కి ఎంపీటీసీలను జనమే విడిగా ఎన్నుకుంటారు, అక్కడ ఆ మెట్టు పరోక్షం. అంతకుముందు నాలుగే ఉన్న జిల్లా కౌన్సిళ్లు ఏడయింది 2011 నాటి స్థానిక సంస్థల చట్టంతోనే.

కోనసీమ అంత దేశానికి ఇన్ని ఎందుకన్న మీ సందేహం నాకూ వచ్చింది. చిన్న దేశమైతే పాలన దానంతటదే జనానికి దగ్గరగా ఉంటుంది కదా అనుకున్నాను. అక్కడ ఉండి చూస్తే తెలిసిందేమిటంటే, దేశం చిన్నదైతే మంత్రి చెయ్యి వీధి దీపం దాకా అందుతుంది. జాతీయ అసెంబ్లీలో ప్రధాన దీవి నుంచి 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు. మా అమ్మాయి ఉండే ఊళ్లో డ్రైను పూడిపోతే ఆ ముగ్గురిలో ఎవరికి ఫోన్ చేయాలో ఇంటింటికీ తెలుసు. డ్రైను బాగు చేయించడమే ఎంపీకి ఓట్లు తెచ్చే పని. అలాంటప్పుడు ఆ పని, ఆ డబ్బు ఊరి కౌన్సిల్ చేతిలో పెట్టడానికి ఏ ఎంపీకి మనసొప్పుతుంది? మీ రెండు ప్రశ్నల జవాబూ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

2011 చట్టంలో బాగా జరిగింది ముందు చెప్పాలి. నేను సర్వీసులో ఉండగా ఇలాంటి నిబంధన ఒకటి మనకూ ఉంటే బాగుండుననిపించింది. స్థానిక ఎన్నికల్లో ఇద్దరికి మించి అభ్యర్థులను నిలబెట్టే ఏ పార్టీ అయినా, ఏ గ్రూపు అయినా, వాళ్లలో మగవాళ్లు గానీ ఆడవాళ్లు గానీ మూడింట రెండు వంతులు దాటకూడదు. చూడండి, ఇందులో మహిళా రిజర్వేషన్ అన్న మాటే లేదు. ఇద్దరికీ ఒకే గీత గీశారు. దానికోసం వివక్షను నిషేధించే 16వ సెక్షన్‌లో రాజ్యాంగ సవరణ కూడా చేశారు. 2005 స్థానిక ఎన్నికల్లో గెలిచినవాళ్లలో మహిళలు 6 శాతం చిల్లర ఉండేవారు. ఈ నిబంధనతో జరిగిన మొదటి ఎన్నికల్లో, 2012లో, అది 26 శాతానికి చేరింది. ఒక్క ఎన్నికతో నాలుగు రెట్లు.

మన పద్ధతికీ దీనికీ తేడా మీ ప్రాజెక్టులో తప్పకుండా రాయండి. మనకు 73వ రాజ్యాంగ సవరణతో సీటే మహిళకు కేటాయిస్తారు, మూడో వంతుతో మొదలై మన రాష్ట్రంలో సగానికి వచ్చింది. గెలుపు ఖాయం, అంకె కచ్చితం. కానీ వచ్చేసారి రొటేషన్‌లో ఆ సీటు మారిపోతుంది, అయిదేళ్లు పని నేర్చుకున్న మనిషి ఇంటికి పోతుంది. మారిషస్‌లో సీటు ఎవరి కోసమూ పక్కన పెట్టరు కాబట్టి మొన్న గెలిచినావిడ అదే ఊళ్లో మళ్లీ నిలబడొచ్చు. లోపమేమిటంటే గెలిచే చోట ఆడవాళ్లను పెట్టాలన్న నియమం లేదు. ఇంకో చిన్న ఏర్పాటు కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా రాయరు. సభ్యులెవరైనా మధ్యలో చనిపోయినా, రాజీనామా చేసినా మామూలుగా ఉప ఎన్నిక పెట్టరు. ముందే ఇచ్చిన రిజర్వ్ జాబితాలోంచి తర్వాతి పేరు తీసుకుంటారు. ఆ జాబితాలో వరుసగా ఇద్దరికి మించి మగవాళ్లు గానీ, ఆడవాళ్లు గానీ ఉండకూడదు.

2020 నవంబర్ 22న ఊరి ఎన్నికల రోజు మా పక్కింటి పెద్దాయనతో పోలింగ్ జరిగే బడి దాకా నడిచి వెళ్లాను. ఆయన ముత్తాత కోరంగి రేవులో ఓడ ఎక్కి వచ్చినవాడట. ఇంట్లో అక్కడి వాడుక భాష క్రియోల్ మాట్లాడతారు. రామభజనం రోజున మాత్రం తెలుగు పాటలు తప్పు లేకుండా పాడతారు. ఆయన నాకు తన లెక్క చూపించారు. తొమ్మిది ఓట్లకు గాను ఒక గ్రూపులో అయిదుగురు, ఇంకో గ్రూపులో ముగ్గురు, విడిగా నిలబడ్డ ఒకాయన. పేర్లు మర్చిపోకుండా చిన్న కాగితం మీద రాసుకున్నారు. ఆ తొమ్మిదిలో నలుగురు ఆడవాళ్లు. ఎందుకు వాళ్లే అని అడిగాను. ఈవిడ మా అమ్మాయితో చదువుకుంది, ఆవిడ మొన్న లాక్‌డౌన్‌లో ముసలివాళ్లకు మందులు తెచ్చిచ్చింది, ఈమెకు నోరెక్కువ, ఆఫీసుల్లో అదే కావాలి. ఇలా ఒక్కొక్కరికీ ఒక కారణం చెప్పారు. పార్టీ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. పార్టీలు వెనకాల లేవని కాదు, ఉన్నాయి. కానీ ఓటు వేసే చెయ్యి మనిషిని చూసి వేస్తోంది. మా మండలంలో పార్టీ గుర్తులు లేని పంచాయతీ ఎన్నికలు ఎన్నో జరిపించాను, అక్కడా ఇదే చూశాను. ఊరి స్థాయికి ఎన్నిక కావాలన్న నా నమ్మకానికి ఆ కాగితం ముక్క చాలు.

ఇక డబ్బు సంగతి. ఎన్నికల తర్వాత కొత్తగా గెలిచిన సభ్యురాలొకావిడ మా వీధికి వచ్చింది. వాన పడితే మా గేటు ముందు మోకాలి లోతు నీళ్లు నిలుస్తున్నాయి. ఆవిడ బూట్లు వేసుకుని నీళ్లలో దిగి, ఎక్కడ పూడిందో కర్రతో పొడిచి చూసింది, ఫోన్‌లో ఫొటోలు తీసుకుంది. ఎప్పటికి అవుతుందమ్మా అని అడిగాను. చెత్త తీయించడం మా పని అంకుల్, అది ఈ వారంలో చేయిస్తాను, డ్రైను వెడల్పు చేయడం మాత్రం పై వాళ్ల పని, రాసి పంపుతాను అంది. చెత్త నిజంగానే అయిదో రోజున తీశారు. డ్రైను నేను తిరిగొచ్చేదాకా అలాగే ఉంది.

ఆవిడ తప్పేమీ లేదు. ఊళ్లలో ఇంటి పన్ను లేదు, ఊరి కౌన్సిల్‌కి సొంత ఆదాయమంటూ చెప్పుకోదగ్గది లేదు. జిల్లా కౌన్సిల్ నడిచేదే ప్రభుత్వ గ్రాంటు మీద. బడ్జెట్‌కు మంత్రి ఆమోదం కావాలి. సిబ్బందిని నియమించేది కేంద్ర స్థాయిలో ఉండే సర్వీస్ కమిషన్. పట్టణాల్లో ఇంటి పన్నయినా ఉండేది, 2023-24 బడ్జెట్‌లో ఇళ్ల మీద దాన్నీ ఎత్తేశారు. జనం సంతోషించారు, నాకు మాత్రం బాధేసింది. పన్ను కట్టే మనిషి కౌన్సిల్‌ని నిలదీస్తాడు, పన్ను లేకపోతే మొత్తం గ్రాంటు కోసం కౌన్సిలే మంత్రి ముందు నిలబడాలి. పదవిలో ఉండగా పంచాయతీ ఇంటి పన్ను వసూలుకి గుమ్మం గుమ్మం తిరిగినవాణ్ని, ఆ పన్నులో ఉన్న హక్కు ఏమిటో నాకు తెలుసు.

2013 మార్చి 30న పోర్ట్ లూయిస్‌లో కుండపోత వాన కురిసింది, 11 మంది చనిపోయారు. నగరం నడిబొడ్డున భూగర్భ దారిలో, పార్కింగ్‌లో జనం చిక్కుకుపోయారు. తర్వాత జరిగిన చర్చ అంతా ఏ కాలువ ఎవరిది అన్నదాని చుట్టే తిరిగింది. నగర కౌన్సిల్‌దా, రోడ్ల సంస్థదా, కేంద్ర ప్రభుత్వ అభివృద్ధి విభాగానిదా? చివరికి 2017లో చట్టం చేసి డ్రైనేజీ కోసమే ఒక జాతీయ సంస్థ పెట్టారు. అవసరమైన పనే, కాదనను. కానీ సమస్య వచ్చిన ప్రతిసారీ జవాబు పైకే వెళ్తోంది, కౌన్సిల్‌కి ఒక్క అధికారమూ దిగిరావట్లేదు.

డబ్బు కంటే పెద్ద విషయం ఎన్నికల తేదీ. దీని గురించి నేను ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది నేను అనుభవించినది.

ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. మధ్యలో స్పెషల్ ఆఫీసర్ల పాలన. రిటైరయ్యే ముందు నేనూ నాలుగు పంచాయతీలకు స్పెషల్ ఆఫీసర్‌గా ఉన్నాను. సర్పంచ్ కుర్చీలో కూర్చుని చెక్కుల మీద సంతకాలు పెట్టాను. ఒకరోజు ఒకావిడ వచ్చి, మా వీధిలో బోరు పాడై నెలయింది సార్, సర్పంచ్ ఉంటే ఇంటికెళ్లి అడిగేదాన్ని, మిమ్మల్ని ఎక్కడని వెతకను అంది. వారానికి ఒక్కరోజు ఆ ఊరికి వెళ్లేవాణ్ని. ఆవిడకు నేను జవాబు చెప్పలేకపోయాను. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం నిధులు కూడా ఆగిపోతాయి, అది ఇంకో దెబ్బ. తెలంగాణలోనూ ఇదే జరిగింది, 2024 ఫిబ్రవరి మొదట్లో గడువు ముగిస్తే 2025 డిసెంబర్‌లో ఎన్నికలు పెట్టారు. మనకు రాజ్యాంగంలో 243ఇ అధికరణం ఉంది, గడువులోపు ఎన్నిక జరగాలని అందులో స్పష్టంగా రాసుంది, కిషన్ సింగ్ తోమర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. అయినా ఇన్ని నెలలు ఆలస్యం. కానీ ఆ ఒక్క వాక్యం ఉండబట్టే ఎవరైనా కోర్టుకి వెళ్లగలుగుతున్నారు, ప్రభుత్వం సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది.

మారిషస్ రాజ్యాంగంలో ఊరి కౌన్సిళ్లకు, మున్సిపాలిటీలకు ఆ వాక్యం లేదు. వాటి బతుకంతా మామూలు చట్టం మీదే. అసెంబ్లీలో మెజారిటీ ఉన్న ప్రభుత్వం ఒక సవరణ బిల్లు పెడితే గడువు పెరిగిపోతుంది. ఊరి కౌన్సిళ్లకు 2012 తర్వాత 2020లో గానీ ఎన్నిక జరగలేదు. మున్సిపాలిటీలకు 2015 జూన్ తర్వాత 2025 మే 4న జరిగింది. పదేళ్లు! మొదట కోవిడ్ అన్నారు, 2021లో అది నిజమైన కారణమే, అప్పుడు అక్కడ లాక్‌డౌన్ ఉంది. కానీ 2023లో ఇంకో రెండేళ్లు పొడిగిస్తూ సవరణ తెచ్చినప్పుడు లాక్‌డౌన్ ఎక్కడుంది? 2020 నవంబర్‌లో ఊళ్లలో ఎన్నిక ఎంత శుభ్రంగా జరిపారో నా కళ్లారా చూశాను కాబట్టే ఆ పొడిగింపు నాకు మింగుడు పడలేదు. చివరికి ఎన్నిక పెట్టేసరికి పట్టణాల్లోని 120 సీట్లలో 117 కొత్తగా అధికారంలోకి వచ్చిన కూటమికి పోయాయి. పదేళ్ల పాటు ఓటరుకి మాట లేకుండా చేస్తే, మాట దొరికిన రోజున ఊరి సమస్య కాదు, దేశ రాజకీయమే పెట్టెలో పడుతుంది.

రెండో ప్రశ్న, జాతీయ ఎన్నికల సంస్కరణ. ఇదీ పైదానితో ముడిపడిందే.

నియోజకవర్గానికి మూడు సీట్లు, ఓటరుకు మూడు ఓట్లు, ఎక్కువ ఓట్లొచ్చిన ముగ్గురు గెలుస్తారు. ఈ పద్ధతిలో గాలి ఒకవైపు వీస్తే మొత్తం ఊడ్చుకుపోతుంది. 1982లో, 1995లో, మళ్లీ 2024 నవంబర్‌లో ప్రధాన దీవిలోని 60 సీట్లకు 60 ఒకే కూటమి గెలిచింది. 2024లో ఓడిన కూటమికి సుమారు 27 శాతం ఓట్లు పడ్డాయి, నేరుగా గెలిచిన సీటు ఒక్కటీ లేదు. గాలి లేనప్పుడు ఇంకో రకంగా తప్పుతుంది, 2019లో గెలిచిన కూటమికి 38 శాతం లోపు ఓట్లతో 62లో 38 సీట్లు వచ్చాయి.

దీనికి తోడు మీరు చదివిన బెస్ట్ లూజర్ పద్ధతి. ఓడినవాళ్లలో ఎక్కువ ఓట్లు వచ్చిన ఎనిమిది మంది దాకా అసెంబ్లీలోకి తీసుకుంటారు. మైనారిటీ వర్గాలకు చోటు దక్కాలన్నది ఉద్దేశం, 1968లో స్వాతంత్ర్యం వచ్చేముందు జరిగిన భయాందోళనల్లోంచి పుట్టింది. రాజ్యాంగం నాలుగు వర్గాలను గుర్తిస్తుంది: హిందువులు, ముస్లింలు, చైనీయులు, ఈ ముగ్గురిలో ఎవరూ కానివాళ్లంతా సాధారణ జనాభా. మన తెలుగువాళ్లు, తమిళులు, మరాఠీలు ఈ లెక్కలో హిందువుల కిందే వస్తారు. ఉగాదికి దేశమంతా సెలవు ఇస్తారు, బళ్లలో తెలుగు చెబుతారు, అసెంబ్లీ లెక్కలో మాత్రం తెలుగు అన్న గడి లేదు. అది లోటా, మేలా అని మా పక్కింటి పెద్దాయనను అడిగితే, గడి లేకపోవడమే నయం, ఉంటే మా భజన గుడిని కూడా పార్టీలు పంచుకునేవి అన్నారు. ఆయన అభిప్రాయం ఆయనది, మహాసభలు అని పిలిచే అక్కడి తెలుగు సంఘాల్లో వేరేలా అనేవాళ్లూ ఉన్నారు.

అసలు చిక్కు ఏమిటంటే, ఎవరు ఏ వర్గమో అడిగిన చివరి జనాభా లెక్క 1972ది. తర్వాత ఆ ప్రశ్న తీసేశారు, 1972 అంకెలే వాడాలని 1982లో రాజ్యాంగంలో రాసుకున్నారు. అంటే ఇప్పటికీ యాభై ఏళ్ల నాటి జనంతోనే సీట్లు పంచుతున్నారు. అభ్యర్థి తన వర్గమేదో ప్రకటించకపోతే నామినేషన్ చెల్లదు. ఈ నిర్బంధం తప్పని 2012లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ తేల్చింది. 2014 ఎన్నికకు మాత్రం తాత్కాలికంగా ఒక చట్టం చేసి, ప్రకటించనివాళ్లనీ పోటీ చేయనిచ్చారు. తర్వాత మళ్లీ మొదటికే.

కమిషన్లలో 2002 నాటి సాక్స్ కమిషన్ రిపోర్టు తప్పక చదవండి. దక్షిణాఫ్రికా న్యాయమూర్తి ఆల్బీ సాక్స్ దానికి అధ్యక్షుడు. ఉన్న 62 సీట్లకు తోడు 30 సీట్లు పార్టీల ఓట్ల శాతాన్ని బట్టి ఇవ్వాలని, 10 శాతం దాటిన పార్టీలకే ఇవ్వాలని సూచించారు. జరగలేదు. 2018 డిసెంబర్‌లో ఇంకో బిల్లు వచ్చింది, దానికి అసెంబ్లీలో నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి, అంత లేక పక్కన పెట్టేశారు. మీరు అడిగిన ‘ఎందుకు’ ఇక్కడే ఉంది. ఆ మూడు వంతుల బలం ఒక కూటమికి ఎప్పుడొస్తుంది? ఊడ్చేసిన ఏడాదే వస్తుంది. ఊడ్చేసిన ఏడాది ఆ పద్ధతి మార్చాలన్న తొందర గెలిచినవాళ్లకు ఉండదు, ఓడినవాళ్లకు బలం ఉండదు. పైగా మైనారిటీల్లో చాలామందికి బెస్ట్ లూజర్ తీసేస్తే తమకేం మిగులుతుందన్న భయం ఉంది. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకుని రాయకండి. 1968కి ముందు అల్లర్లు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు.

ఇంతకీ సంస్కరణ అక్కడ అసాధ్యం కాదు అనడానికి రుజువు వాళ్ల దేశంలోనే ఉంది. రోడ్రిగ్స్ దీవి సముద్రంలో ఇంచుమించు 600 కిలోమీటర్ల దూరం, జనాభా నలభై వేల పైచిలుకు. 2001లో చట్టం చేసి దానికి సొంత ప్రాంతీయ అసెంబ్లీ ఇచ్చారు, 2002లో మొదటి ఎన్నిక జరిగింది. కొన్ని సీట్లు ప్రాంతాల వారీగా, కొన్ని పార్టీల ఓట్ల శాతాన్ని బట్టి. సాక్స్ కమిషన్ దేశానికంతా చెప్పిన మందు లాంటిదే అక్కడ వాడి చూశారు. దానివల్ల సభ్యుల సంఖ్య పెరిగి ఇబ్బందొస్తే, 2017 ఎన్నిక నాటికి నిబంధన సర్ది 17కి తెచ్చారు. అంతేగానీ పద్ధతిని ఎత్తేయలేదు. రాజ్యాంగంలోనే దానికి విడిగా అధ్యాయం ఉంది కాబట్టి మామూలు బిల్లుతో దాన్ని కదిలించలేరు. పోర్ట్ లూయిస్ నగర కౌన్సిల్‌కి లేని రక్షణ ఆ చిన్న దీవికి దక్కింది.

కాబట్టి మీ ప్రాజెక్టులో మారిషస్‌ని ఇండియాతో పోల్చడం కంటే, ముందు రోడ్రిగ్స్‌ని పోర్ట్ లూయిస్‌తో పోల్చండి. 2002 నుంచి ఆ అసెంబ్లీకి ఎన్నికలు ఏ ఏడాది జరిగాయో ఒక వరుసలో, మున్సిపాలిటీలకు, ఊరి కౌన్సిళ్లకు ఏ ఏడాది జరిగాయో దాని కింద వరుసలో రాయండి. మూడో వరుసలో మీ సొంత మండలంలో పంచాయతీ ఎన్నికల తేదీలు వేయండి, ఎంపీడీవో ఆఫీసులో అడిగితే ఇస్తారు. స్పెషల్ ఆఫీసర్ల కాలంలో అక్కడ ఎన్ని గ్రామసభలు జరిగాయో కూడా అదే రిజిస్టర్లో ఉంటుంది, అదీ అడగండి.